యజమానుల ఉపేక్షతో కూలిపోతున్న పాత కట్టడాలు: నిలబెట్టే దారి ఉందా?

గోదావరి_గట్టు
మే 11, ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక మండువా లోగిలి. మా ముత్తాతగారు కట్టించి నూరేళ్ళు దాటింది. నాలుగు వైపులా వసారాలు, నడుమ మండువా, పదహారు టేకు స్తంభాలు, పైన బంగళాపెంకు. ప్రస్తుతం దానికి తొమ్మిది మంది వాటాదారులం. అందులో ముగ్గురం హైదరాబాదులో ఉన్నాము, ఇద్దరు అమెరికాలో ఉన్నారు, మిగిలినవారు తలా ఒక ఊళ్ళో స్థిరపడ్డారు. ఇంట్లో ఎవరూ ఉండడం లేదు.

ఆరేళ్ళ క్రితం వానాకాలంలో నైరుతి మూల పెంకులు జారి నీరు దిగడం మొదలైంది. అప్పుడు మేస్త్రీ అడిగింది పద్దెనిమిది వేల రూపాయలు. ఆ పద్దెనిమిది వేలు ఎవరు పెట్టాలన్న మాట తేలకుండానే రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఈ సంక్రాంతికి వెళ్ళి చూస్తే ఆ మూల దూలం పుచ్చి కిందికి దిగి ఉంది, కింద ఉన్న గది గోడ ఉబ్బింది. ఇప్పుడు అదే మేస్త్రీ నాలుగు లక్షలకు తక్కువ చెప్పడం లేదు. ఈలోగా పాత కలప కొనే వ్యాపారి ఒకరు మా అన్నయ్యగారి దగ్గరకు వచ్చి, స్తంభాలకూ తలుపులకూ కలిపి ఒక ధర చెప్పి, అడ్వాన్సు కూడా ఇస్తానన్నాడట.

ఈ ఇంటి మీద ఎవరూ గునపం వేయలేదు. కూల్చాలని మాలో ఎవరూ అనుకోలేదు కూడా. అయినా అది కూలుతోంది. ఇటువంటి ఇళ్ళను యజమానుల బారినుండి, అంటే మా బారినుండే, కాపాడే చట్టం గాని పద్ధతి గాని ఏదైనా ఉందా అని తెలుసుకోవాలని రాస్తున్నాను.


పాతబస్తీ_పాంథుడు
మే 11, ఉదయం 10.15

గట్టు గారూ, మీరు అడిగినదానికి హైదరాబాదు అనుభవం చెబితే సగం సమాధానం దొరుకుతుందనుకుంటాను. ఆ సగం నిరాశ కలిగించేదే.

హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధనను చేర్చారు. దేశంలో వారసత్వ కట్టడాలకు నగర స్థాయిలో రక్షణ కల్పించిన తొలి ఏర్పాట్లలో అది ఒకటి. ఆ నిబంధన కింద 1998లో నూటముప్పైకి పైగా భవనాలను జాబితాలో చేర్చారు. దేవిడీలు (నవాబుల, జాగీర్దారుల పాత భవంతులు), రాజప్రాసాదాలు, కార్యాలయాలు, చివరికి బండరాళ్ళ గుట్టలు కూడా రక్షణలోకి వచ్చాయి. జాబితాలో ఉన్న కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చరాదు, మార్చరాదు. మరమ్మతు చేయించి తీరాలని నిర్బంధించే యంత్రాంగం మాత్రం అమలులో ఎన్నడూ కనబడలేదు. దీని ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. కూల్చడానికి అనుమతి రాదని తెలిసిన యజమాని కిటికీలు మూయకుండా, పైకప్పు బాగుచేయకుండా పది వానాకాలాలు ఓపిక పట్టాడు. పదకొండో ఏట పురపాలక సంస్థే వచ్చి గోడకు ‘శిథిల భవనం, ప్రమాదకరం’ అని నోటీసు అంటించింది. అనుమతి అడగవలసిన పనే లేకపోయింది.

తరువాతి కథ కూడా తెలిసినదే. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అక్కడ కొత్త శాసనసభా భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు హైకోర్టు 2019 సెప్టెంబరులో ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. కోర్టు కూల్చివేతను ఆపగలిగింది గాని, ఆ భవనం పైకప్పు మీద మొలిచిన రావి మొక్కను పీకించలేదు. ఆ పని కోర్టుది కాదు కూడా.

మీ మండువా లోగిలి ఏ జాబితాలోనూ ఉండి ఉండదు. గ్రామాలలోని ఇళ్ళను లెక్కకు తెచ్చే జాబితా ఏదీ నాకు కనబడలేదు.


గానుగ_సున్నం
మే 11, మధ్యాహ్నం 2.05

నేను ముప్పై ఏళ్ళుగా పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న సివిల్ ఇంజనీరును. చట్టాల సంగతి తెలిసినవారు చెబుతారు. పాత ఇల్లు ఏ విధంగా చనిపోతుందో మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకే విధంగా చనిపోతుంది.

మొదట మూసుకుపోయేది తూము. ఆకులు పడి, పావురాల గూళ్ళు పడి డాబా మీద నీరు నిలుస్తుంది. అంగుళం మందాన నిలిచిన నీరు ఒక్క వానాకాలంలో సున్నపు గచ్చును నానబెట్టి నెరలు తీస్తుంది. హైదరాబాదు, మద్రాసు ప్రాంతాల పాత మేడలలో చాలావాటికి పైకప్పు మద్రాసు టెర్రస్ పద్ధతిలో ఉంటుంది. అంటే టేకు దూలాలను దగ్గర దగ్గరగా పరిచి, వాటిమీద ఇటుకలను నిలువుగా సున్నంతో పేర్చి, ఆపైన గచ్చు వేస్తారు. ఈ కప్పులో దూలం నడుమ భాగం చివరిదాకా బాగానే ఉంటుంది. గోడలోకి దూరి ఉన్న కొస మాత్రం ముందుగా పుచ్చుతుంది, ఎందుకంటే చెమ్మ గోడలోనే ఉంటుంది, గాలి అక్కడికి చేరదు. కింద నిలబడి చూసేవారికి దూలం గట్టిగా ఉన్నట్టే కనబడుతుంది. ఒకనాడు అది మొత్తంగా దిగిపోతుంది.

ఇక రావి, మర్రి. పక్షి రెట్టతో వచ్చిన గింజ పిట్టగోడ పగులులో మొలుస్తుంది. మొదటి ఏడు దాన్ని చేత్తో పీకవచ్చు, ఖర్చు లేదు. మూడో ఏట కత్తితో కొయ్యాలి, వేళ్ళకు మందు పెట్టాలి. పదో ఏటికి గోడా చెట్టూ ఒకటైపోతాయి. చెట్టు తీస్తే గోడ పడుతుంది, తీయకపోయినా పడుతుంది. చాలామంది కాపలాదారుచేత కొమ్మలు కొట్టించి పని అయిపోయిందనుకుంటారు. వేరు ఉండగా కొమ్మ కొడితే అది రెండింతల బలంతో చిగురిస్తుంది.

ఉపేక్షకంటె ఎక్కువ హాని చేసే మరమ్మతు కూడా ఒకటి ఉంది. సున్నపు గోడకు సిమెంటు పూత వేయడం. సున్నపు పూత లోపలికి పోయిన చెమ్మను తిరిగి ఆవిరిగా బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. అప్పుడు ఉప్పు పొంగి, పూతతోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. యజమాని డబ్బు ఖర్చు పెట్టి, శ్రద్ధ చూపించి, ఇంటిని పాడు చేసుకున్న సందర్భాలు నేను ఎన్నో చూశాను. వారిని నిర్లక్ష్యం చేశారని అనడానికి నోరు రాదు. గానుగ పట్టిన సున్నం, కరక్కాయ నీరు, బెల్లం కలిపి గచ్చు తయారుచేయడం తెలిసిన మేస్త్రీలు నేడు జిల్లాకు ఎందరున్నారో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

గట్టు గారూ, మీ పద్దెనిమిది వేలు నాలుగు లక్షలు కావడంలో వింత ఏమీ లేదు. పెంకు ఖరీదు పెంకే. పెంకు కింద వాసం, వాసం కింద దూలం, దూలం కింద గోడ. నీరు ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ ఖర్చుకు ఒక సున్నా చేరుతుంది.


దేవిడీ_వాటాదారు
మే 11, రాత్రి 9.30

పై టపాలు చదివిన తరువాత యజమానుల పక్షాన ఒక మాట చెప్పవలసి వచ్చింది. నేను పాతబస్తీలో జాబితాకు ఎక్కిన ఒక కట్టడానికి వాటాదారును. పేరు చెప్పను.

మా భవనం ముందు భాగంలో ఆరు దుకాణాలు ఉన్నాయి. అందులో నాలుగింటికి అద్దె మా నాన్నగారి కాలంలో కుదిరినదే. నెలంతా వసూలైన అద్దెతో రాత్రి కాపలాదారుకు జీతం కూడా రాదు. ఖాళీ చేయించాలని వేసిన దావాలు పదిహేడేళ్ళుగా నడుస్తున్నాయి. జాబితాలో ఉన్నందున బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది, కొనేవాడు బేరం సగానికి దించుతాడు. ఆదాయపు పన్నులో చూస్తే అద్దెకు ఇచ్చిన ఇంటికి మరమ్మతుల పేరిట 30 శాతం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు రూపాయి ఖర్చు పెట్టనివాడికీ అంతే, ఇల్లు అమ్ముకుని మరమ్మతు చేయించినవాడికీ అంతే. మరి నేను ఎందుకు చేయించాలి?

నగరం తన జ్ఞాపకాలను కాపాడుకోవాలనుకుంటే ఆ ఖర్చును నగరం భరించాలి. వారసత్వ నడకల పేరుతో ఆదివారం ఉదయం కెమెరాలతో వచ్చి, మా గుమ్మం ముందు నిలబడి ‘అయ్యో’ అని నిట్టూర్చి, కట్ట మీద టీ తాగి వెళ్ళిపోయేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి.


పాతబస్తీ_పాంథుడు
మే 12, ఉదయం 6.50

వాటాదారు గారూ, ఆదివారం నడిచేవారిలో నేనూ ఒకడిని. కాబట్టి మీ కోపం నాకు తగిలింది, తగలవలసినదే.

మీరు చెప్పిన అద్దెల సంగతి, పన్ను సంగతి నిజం. ఒక్క విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. అభివృద్ధి హక్కుల బదిలీ, అంటే టీడీఆర్, రాష్ట్రంలోని 2012 భవన నియమాలలో వారసత్వ కట్టడాలకు కూడా ప్రస్తావించబడింది. తన స్థలంలో కట్టుకోలేకపోయిన అంతస్తులకు బదులుగా యజమాని ఒక ధ్రువపత్రం పొంది, దాన్ని మరోచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. రోడ్డు వెడల్పులో స్థలం పోగొట్టుకున్నవారు ఈ పత్రాలను విరివిగా అమ్ముకుంటున్నారు. పాత కట్టడం యజమానులు దాని జోలికి అంతగా పోవడం లేదు. పోకపోవడానికి కారణం మీరే చెప్పండి.

ఇంకొక మాట. ప్రైవేటు యజమానిని మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదని ఒప్పుకుంటున్నాను. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఎవరిది? ప్రభుత్వానిది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఆ భవనంలోని వార్డులలోకి 2020 జూలైలో వరదనీరు వచ్చింది, రోగులను తరలించారు, భవనానికి తాళం పడింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా దాని పైకప్పు మరమ్మతు గురించి నివేదికలమీద నివేదికలు వచ్చాయి. ప్రైవేటు దేవిడీకి నోటీసు ఇవ్వబోయే అధికారి తన శాఖ భవనానికి ఆ నోటీసు ఇవ్వగలడా?


దేవిడీ_వాటాదారు
మే 12, ఉదయం 8.20

టీడీఆర్ సంగతి అడిగారు గనుక చెబుతున్నాను. దరఖాస్తు మీద వాటాదారులందరి సంతకాలు ఉండాలి. మాకు పదకొండు మంది. ఒకరు మా మీదనే దావా వేసి ఉన్నారు.


న్యాయసహాయి
మే 12, మధ్యాహ్నం 1.10

వృత్తిరీత్యా ఆస్తి తగాదాల దావాలు నడిపేవాడిని. పై చర్చలో అందరూ ఏదో ఒక విధంగా ఒకే చోటికి వస్తున్నారు. కట్టడాన్ని చంపుతున్నది ఒక యజమాని దుర్బుద్ధి కాదు, యజమానుల సంఖ్య. కాబట్టి కొత్త చట్టం గురించి ఆలోచించే ముందు, చేతిలో ఉన్న పాత చట్టాలు ఎంతవరకు పనికివస్తాయో చెబుతాను.

పంపకాల దావా నడుస్తున్నంతకాలం ఇంటిని ముట్టుకోకూడదని చాలామంది వాటాదారులు నమ్ముతారు. ఇది అపోహ. ఆస్తి నాశనమయ్యే ప్రమాదం ఉన్నప్పుడు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఉత్తర్వు కోరవచ్చు. అవసరమైతే 40వ ఆర్డరు కింద రిసీవరును నియమించమని అడగవచ్చు. రిసీవరు అద్దెలు వసూలు చేసి, ఆ సొమ్ముతో పైకప్పు బాగుచేయించి, లెక్క కోర్టుకు సమర్పిస్తాడు. మన దగ్గర రిసీవరును అద్దెల కోసం అడుగుతారే తప్ప మరమ్మతు కోసం అడగరు. నా ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసులో వాన నీటి కోసం రిసీవరును అడిగిన కక్షిదారు ఒక్కరే తారసపడ్డారు. ఉత్తర్వు వచ్చింది. పెంకు మారింది. దావా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

రెండవది, 1893 నాటి పార్టిషన్ చట్టం. ముక్కలు చేయడానికి వీలులేని ఇంటిని, సగానికి తక్కువ కాని వాటా ఉన్నవారు కోరితే, కోర్టు అమ్మించి సొమ్ము పంచవచ్చు. అప్పుడు ఇంటిని నిలుపుకోవాలనుకునే వాటాదారు కోర్టు కట్టిన విలువకు అమ్మకం కోరినవారి వాటాలను కొనుక్కునే అవకాశాన్ని 3వ సెక్షను ఇస్తుంది. బయటివాడు ఒక వాటా కొని పంపకానికి దావా వేస్తే, కుటుంబ సభ్యులు ఆ వాటాను తిరిగి కొనుక్కునే హక్కు 4వ సెక్షనులో ఉంది. మండువా ఇంటిని కాపాడాలనుకునే ఒక్క వారసుడికి ఇంతకంటె బలమైన ఆయుధం లేదు, కాని అతని దగ్గర డబ్బు ఉండాలి.

మూడవది, పాంథుడు గారు చెప్పిన శిథిల భవనాల నోటీసు. హైదరాబాదు పురపాలక చట్టంలోని 456వ సెక్షను కూల్చమని మాత్రమే చెప్పదు. పడిపోయే స్థితిలో ఉన్న కట్టడాన్ని కూల్చమని గాని, ఊతమిచ్చి భద్రపరచమని గాని, మరమ్మతు చేయమని గాని కమిషనరు ఆదేశించవచ్చు. కూల్చమని రాసిన అధికారిని రేపు ఎవరూ ప్రశ్నించరు. మరమ్మతు చేయమని రాసిన తరువాత గోడ కూలి మనిషి పోతే ఆ సంతకం అతని మెడకు చుట్టుకుంటుంది. అందుచేత కలం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. జాబితాలోని కట్టడానికి 456 నోటీసు ఇచ్చే ముందు, పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరు నివేదిక తప్పనిసరి అని ఒక్క వాక్యం చేర్చగలిగితే, నా దృష్టిలో అది కొత్త చట్టం తేవడంకంటె ఎక్కువ మేలు చేస్తుంది.


లెస్టర్_తెలుగు
మే 12, రాత్రి 11.45

ఇంగ్లండులో స్థిరపడి ఇరవై ఏళ్ళయింది. ఇక్కడ స్థానిక సంస్థ ప్రణాళికా విభాగంలో కొంతకాలం పనిచేశాను. ఇక్కడి పద్ధతి చర్చకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను. అన్నీ సవ్యంగా జరుగుతాయని మాత్రం అనుకోవద్దు.

జాబితాలోని భవనాలకు సంబంధించి ఇక్కడ 1990 నాటి చట్టం ఉంది. భవనం పాడవుతుంటే స్థానిక సంస్థ రెండు పనులు చేయగలదు. మొదటిది అత్యవసర పనులు. యజమానికి ఏడు రోజుల ముందు నోటీసు ఇచ్చి, పైకప్పుమీద టార్పాలిన్ కప్పడం, గోడలకు ఊతాలు పెట్టడం, కిటికీలు మూయడం వంటి పనులను సంస్థే చేయించి, ఆ ఖర్చును యజమాని నుండి రాబడుతుంది. రెండవది మరమ్మతు నోటీసు. ఏయే పనులు చేయాలో రాసి ఇస్తారు. రెండు నెలల తరువాత కూడా తగిన చర్యలు మొదలుకాకపోతే భవనాన్ని నిర్బంధంగా కొనుగోలు చేసే ప్రక్రియ ప్రారంభించవచ్చు. ఇందులో అసలు కీలకం మరొకటి. స్థలాన్ని ఖాళీ చేసుకుని కొత్తగా కట్టుకోవాలనే ఉద్దేశంతో యజమాని కావాలనే భవనాన్ని పాడుపెట్టాడని తేలితే, పరిహారంలో ఆ కొత్త నిర్మాణం వల్ల వచ్చే విలువను లెక్కకట్టరు. అంటే ఎదురుచూసినందుకు లాభం రాదు. నోటీసు ఇచ్చిన చాలా సందర్భాలలో కొనుగోలు దాకా పోవలసిన అవసరమే రాలేదు. యజమాని మరమ్మతు చేయించాడు, లేదా చేయించగలవాడికి అమ్మేశాడు.

అయితే స్థానిక సంస్థలు ఈ అధికారాన్ని వాడడానికి జంకుతాయి. కొనవలసి వస్తే డబ్బు ఎక్కడిదన్నది ప్రతి సమావేశంలోనూ మొదట వచ్చే ప్రశ్న.

న్యూయార్కులో 1845లో కట్టిన స్కిడ్మోర్ హౌస్ అనే ఇంటి విషయంలో అక్కడి కోర్టు 2004లో యజమానిని మరమ్మతు చేయించి తీరాలని ఆదేశించింది. ఇలా ఉపేక్షతో కట్టడాన్ని పడగొట్టడానికి వారి భాషలో ‘డిమాలిషన్ బై నెగ్లెక్ట్’ అని ఒక ప్రత్యేకమైన మాటే ఉంది. మనకు అటువంటి మాట లేదు. ‘పాడుబెట్టడం’ అంటాము గాని అందులో నేరం ధ్వనించదు, కేవలం జాలి ధ్వనిస్తుంది.


న్యాయసహాయి
మే 13, ఉదయం 9.00

లెస్టర్ గారు చెప్పిన పరిహారపు నియమం నన్ను ఆకట్టుకుంది. మన భూసేకరణ చట్టాల దృష్టి దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంటుంది. అక్కడ స్థలానికి మార్కెట్టు విలువ కడతారు, కట్టడం ఎంత పాడైతే అంత సులభంగా స్థలం ఖాళీ అవుతుంది. మనకు నిర్బంధంగా కొనే అధికారం లేదని కాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టంలో కొనుగోలు, కౌలు, సంరక్షకత్వ పత్రం, యజమానితో నిర్వహణ ఒప్పందం అన్నీ ఉన్నాయి. కాని అవన్నీ జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తాయి. దేవిడీకి, మండువా లోగిలికి ఆ గౌరవం దక్కదు. దక్కినా, వంద మీటర్ల నిషేధ పరిధి వచ్చి చుట్టుపక్కల వారందరూ శత్రువులవుతారు.


బొంబాయి_బాబాయి
మే 13, మధ్యాహ్నం 3.35

దాదర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడిని. ఇక్కడ మరమ్మతు ఖర్చును అందరికీ పంచే ప్రయోగం ఒకటి యాభై ఏళ్ళుగా నడుస్తోంది. ద్వీప నగరంలో, అంటే పాత బొంబాయిలో, 1969కి ముందు కట్టిన అద్దె భవనాలపై ప్రత్యేకంగా సెస్సు వసూలు చేసి, ఆ సొమ్ముతో ప్రభుత్వ బోర్డు మరమ్మతులు చేయిస్తుంది. మొదట్లో ఇటువంటి భవనాలు 19 వేలకు పైగా ఉండేవి. అద్దెలు 1940ల నాటి స్థాయిలో గడ్డకట్టిపోవడం వల్ల యజమానులు చేతులెత్తేశారు గనుక ఈ ఏర్పాటు చేశారు.

ఫలితం చెప్పమంటే వాట్సన్ హోటల్ భవనాన్ని చూపిస్తాను. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప చట్రాన్ని ఓడలో తెచ్చి 1860లలో నిలబెట్టిన కట్టడం అది. 2005లో దాని బాల్కనీలో ఒక భాగం కూలి ఒకరు చనిపోయారు. ప్రపంచ స్థాయి పరిరక్షణ సంస్థల జాబితాకెక్కింది, పత్రికలలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి, కోర్టు ఖాళీ చేయించింది, కూల్చాలని ఒక నివేదిక, కూల్చకూడదని మరొక నివేదిక. సెస్సుతో చేసే మరమ్మతు ప్రాణాలు నిలిపేటంత ఉంటుంది, కట్టడాన్ని నిలిపేటంత ఉండదు. ఇనుప స్తంభానికి సిమెంటు పట్టీ వేసి వెళ్ళిపోయారు. గానుగ సున్నం గారు చెప్పిన మాటే ఇక్కడా నిజమైంది.

గట్టు గారు చెప్పినటువంటి కలప వ్యాపారులను నేను తమిళనాడులోని కారైక్కుడిలో చూశాను. చెట్టినాడు ఇళ్ళకు ఒక్కోదానికి ముప్పై నలభై మంది వారసులు ఉంటారు. తగాదా తేలనప్పుడు ఇంటిని విప్పి అమ్మడమే అందరూ ఒప్పుకునే పరిష్కారమవుతుంది. బర్మా టేకు స్తంభాలు వీధిలో వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కదాన్ని తడితే ఏ ఇంటిదో దుకాణదారు చెప్పగలడు.


గానుగ_సున్నం
మే 13, సాయంత్రం 6.10

పనికొచ్చిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పకపోతే ఈ చర్చ శవయాత్రలా ఉంటుంది. చౌమహల్లా ప్యాలెస్ ఒకప్పుడు తుప్పలు మొలిచి, కప్పులు కారుతూ ఉండేది. నిజాం కుటుంబమే, ముఖ్యంగా ఆ ఇంటి ప్రిన్సెస్ ఎస్రా చొరవతో, పునరుద్ధరణ చేయించింది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అక్కడ నేను గమనించింది పురస్కారం కాదు. ప్రతి ఏటా వానలకు ముందు తూములు చూస్తారు. టికెట్ల రాబడి ఉంది గనుక ఆ పని చేయడానికి మనిషి ఉన్నాడు. మరమ్మతు ఎంత గొప్పగా చేసినా, ఆ తరువాత నిచ్చెన ఎక్కి చూసే మనిషి లేకపోతే పదేళ్ళలో మళ్ళీ మొదటికి వస్తుంది.

వాటాదారు గారి ఆరు దుకాణాలకు అద్దె పెరగకపోయినా, వాటి పైన ఖాళీగా ఉన్న అంతస్తులో ఎవరైనా కాపురం ఉంటే నేను సంతోషిస్తాను. మనిషి ఉన్న ఇంట్లో కారిన చుక్కను ఆ రాత్రే గిన్నె పెట్టి పట్టుకుంటారు, మర్నాడు మేస్త్రీని పిలుస్తారు.


దేవిడీ_వాటాదారు
మే 13, రాత్రి 10.05

పైన కాపురం ఉండడానికి ఒక కుట్టుపనివారి కుటుంబం అడిగింది. అద్దెకు ఇస్తే ఇక ఖాళీ చేయరేమోనని మా చిన్నాన్నగారు ఒప్పుకోలేదు. అద్దెదారు హక్కు కలగకుండా, వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చే లీవ్ అండ్ లైసెన్సు పద్ధతిలో పదకొండు నెలలకు రాసుకోవచ్చునా అని న్యాయసహాయి గారిని విడిగా అడిగాను. 456 సెక్షనులో మరమ్మతు మాట ఉందన్న సంగతి మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మాకు వచ్చిన నోటీసులో ‘తొలగించవలెను’ అని మాత్రమే ఉంది. దానికి జవాబు రాయించే ప్రయత్నంలో ఉన్నాను.


గోదావరి_గట్టు
మే 18, ఉదయం 8.30

వారం రోజులుగా రాయలేకపోయాను, మన్నించండి. ఈ చర్చ ప్రతిని మా వాటాదారులందరికీ పంపాను. మొన్న ఆదివారం రాత్రి ఫోనులో అందరం కలిశాము. తొమ్మిదింటిలో ఏడు వాటాలు ఒప్పుకున్న విషయాలు ఇవి. పంపకం సంగతి ఇప్పుడు ఎత్తకూడదు. స్తంభాలు గాని తలుపులు గాని ఏడాది వరకు ఎవరూ అమ్మకూడదు. పైకప్పు పని కోసం వాటాకు ఇరవై వేల చొప్పున వేసుకుని, రసీదులు ఒక చోట ఉంచాలి, ఇవ్వనివారి లెక్క పంపకం రోజున చూసుకోవాలి. ఊళ్ళో ఇంటి వెనుక ఉండే పాలేరు కుటుంబాన్ని వసారాలో ఉండనివ్వాలి, అద్దె తీసుకోకూడదు, బదులుగా వాన పడ్డప్పుడల్లా కప్పు చూడాలి.

న్యాయసహాయి గారి సలహా మీద ఈ ఒప్పందాన్ని కాగితం మీద పెడుతున్నాము. అడ్వాన్సు తీసుకోవాలనుకున్న అన్నయ్యగారు ఇంకా సంతకం చేయలేదు. ఆయనకు డబ్బు అవసరం నిజమే, ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన వాటా కొనడానికి అమెరికాలో ఉన్న వదినగారు ముందుకు వచ్చారు, విలువ దగ్గర మాటలు జరుగుతున్నాయి.

సేకరించిన సొమ్ము లక్షా నలభై వేలు. పని నాలుగు లక్షలది. జూన్ రెండో వారానికి వానలు వస్తాయి. గానుగ సున్నం గారూ, ఈ డబ్బుతో ముందు ఏది చేయించాలి?


గానుగ_సున్నం
మే 18, ఉదయం 9.05

గోడ జోలికి ఇప్పుడు పోవద్దు, రంగుల జోలికి అసలే పోవద్దు. ముందుగా నైరుతి మూల దూలానికి కింద నుండి రెండు సర్వీ బాదులతో ఊతం పెట్టించండి, అది ఈ వారంలోనే జరగాలి. తరువాత ఆ మూలలో రెండు వాలులు కలిసే చోట పెంకులన్నీ దింపించి, కింద జింకు రేకు కొత్తది వేయించి, పుచ్చిన వాసాలను మాత్రం మార్చి పెంకు మళ్ళీ ఎక్కించండి. పాత పెంకులు పగలగొట్టకుండా దింపమనండి, అవే కొలత కొత్తవి దొరకడం కష్టం. మండువాలోని తూము బయటికి ఎక్కడ తేలుతుందో తవ్వించి చూడండి, నా అనుభవంలో అది తప్పకుండా మూసుకుపోయి ఉంటుంది. దీనికి లక్ష దాటదు. మిగిలిన నలభై వేలు ఖర్చు పెట్టకుండా ఉంచుకోండి, పెంకు దింపిన తరువాత కనబడేది ఇప్పుడు ఫోటోలో కనబడదు.

దూలం గోడలోకి దూరిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, అది ఎన్ని అంగుళాలు లోపలికి దిగిందో కొలిచి, ఫోటోతో సహా ఇక్కడ పెట్టండి.